తామరాకు మీద ఎముక

నా పీకలో పీక్ ఉంది. ఎకసెక్కానికి అనడం లేదు. మూడేళ్ల కిందట మెడలో ఐదో పూసకీ ఆరో పూసకీ మధ్య అరిగిపోయిన డిస్కు తీసేసి, దాని చోట చింతపిక్కంత ముక్క ఒకటి పెట్టారు. కోత వెనక నుంచి కాదు, ముందు నుంచి, గొంతు పక్కన. ఆ ముక్క తయారైన ప్లాస్టిక్ పేరు పాలిఈథర్ఈథర్‌కీటోన్. అంత పొడుగు పేరు పలకలేక ప్రపంచమంతా పీక్ అంటోంది. తెలుగువాడికి మాత్రం ఆ మాట వినగానే రెండు అనుమానాలొస్తాయి: పీకా, పీకెయ్యడమా అని.

ఎక్స్‌రేలో ఆ ముక్క కనపడదు. కిరణాలు దానిలోంచి దర్జాగా వెళ్లిపోతాయి. మూడు నల్లపూసల్లాంటి చుక్కలు మాత్రం తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. అవి టాంటలం అనే బరువైన లోహపు ముక్కలు, లోపలిది ఎక్కడుందో డాక్టరుకి తెలియడానికి కావాలని గుచ్చినవి. మా ఆవిడ ఆ ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి, "చుక్కలు పెట్టి ముగ్గు వెయ్యకుండా వదిలేశారేంటండీ" అంది.

ఏడాది తర్వాత సీటీ తీశారు. ముక్క మధ్యలో ఉన్న కిటికీలాంటి ఖాళీలోంచి ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటయ్యాయి. మెడ నిలబడింది, చేతి తిమ్మిరి పోయింది. కానీ ముక్క గోడకీ ఎముకకీ మధ్య సన్నటి నల్లగీత కనబడింది. అదేమిటని అడిగితే డాక్టరుగారు తేలిగ్గా, "ఎముక దానికి అతుక్కోదండీ. పక్కన కూర్చుంటుంది, అంతే" అన్నారు.

మా నాన్న తాపీమేస్త్రి. రేపల్లె చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని డాబా తక్కువ. గోడకి ప్లాస్టరింగు అయ్యాక వేలి కణుపుతో తట్టుకుంటూ పోయేవాడు. ఎక్కడైనా డొల్ల చప్పుడొస్తే, లోపల ఆ గీత ఉన్నట్టే. చెక్కేసి మళ్లీ చేయించేవాడు. నా మెడలో ఉన్న గీతని ఆయనైతే ఒప్పుకునేవాడు కాదు. ఆ గీత లేకుండా చేసే పని ఎక్కడో జరుగుతోందని తెలిసి, చూడ్డానికి వెళ్లాను.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, మామిడితోటకీ గోడౌన్లకీ మధ్య ఒక రెండంతస్తుల షెడ్డు. సగం వర్క్‌షాపు, సగం ల్యాబు. పేరు రాయొద్దన్నారు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద ఇంకా దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి, ఈలోగా పత్రికలో పడితే లేనిపోని ప్రశ్నలు వస్తాయట. బయట చెప్పులు విడిచి, నీలం కవర్లు తొడుక్కుని, తలకి టోపీ పెట్టుకుని లోపలికి పోవాలి. దీన్నంతా నడిపే మేడం ముందుగా అడిగింది ఒకటే: "పొద్దున తలకి నూనె రాసుకున్నారా?" రాసుకోలేదన్నాను. "అయితే ప్లాస్మా గదిలోకి కూడా రావచ్చు" అన్నారు. ఆ ప్రశ్న ఎందుకో మధ్యాహ్నానికి గానీ తెలియలేదు.

ముందు గదిలో లేత్, మిల్లింగ్ యంత్రాలున్నాయి. అక్కడి ఆపరేటర్ బాలానగర్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. చేతిలో పెట్టిన కడ్డీ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. బరువుంటుందనుకుని గట్టిగా పట్టుకున్న చెయ్యి పైకి లేచిపోయింది. టైటానియంతో పోలిస్తే మూడో వంతు కూడా తూగదు.

"ఫార్మా పంపులకు సీళ్లు కోస్తుంటిమి సార్ గీ మాల్‌తోని. గది వేరే గ్రేడు. ఇది ఒంట్లకు పోయేది, దీని ధర వింటే గుండె ఆగుతది," అన్నాడు. "ఇనుము లెక్క కాదు, మామూలు ప్లాస్టిక్ లెక్క కాదు. వేడెక్కితే అలుగుతది. నూనె పోస్తే మేడం అలుగుతది." మామూలు కటింగ్ ఆయిలు ఇక్కడ నిషేధం. గాలి ఊదుతూ కోస్తారు. పొట్టు జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ రాలుతోంది. దాన్ని చేత్తో నలిపితే నలగదు. ఈ పదార్థం కరగాలంటే 343 డిగ్రీల వేడి కావాలి.

పీక్ పుట్టింది ఒంటి కోసం కాదు. 1978లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ రసాయనవేత్తలు తయారుచేశారు. విమానాలకి, తీగల తొడుగులకి, బేరింగులకి వాడారు. ఒంట్లో శాశ్వతంగా పెట్టదగ్గ రకం బజారులోకి వచ్చింది 1990ల చివర్లో. వెన్నెముక సర్జన్లు వెంటనే దాన్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే ఒక కారణమైతే, మెతకదనం ఇంకో కారణం. ఎముక పైనున్న గట్టి పొర బిగుసుదనం 15 నుంచి 20 గిగాపాస్కల్‌లు ఉంటుంది. టైటానియం మిశ్రలోహానిది 110. పక్కన అంత మొండివాడు నిలబడితే బరువంతా వాడే మోస్తాడు. పనిలేని ఎముక కరగడం మొదలుపెడుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక్కడే సంపాదిస్తే మిగతావాళ్లు ఏమవుతారో అదే. పీక్ బిగుసుదనం 3, 4 గిగాపాస్కల్‌లే. కార్బన్ నారలు కలిపితే ఎముక దగ్గరికి తీసుకురావచ్చు. అంటే బరువు పంచుకునే గుణం ఉంది. కలిసిపోయే గుణమే లేదు.

అది లేకపోవడం లోపమని ఒకప్పుడు ఎవరూ అనుకోలేదు. ఒంటితో ఏ సంబంధమూ పెట్టుకోని పదార్థమే మంచి పదార్థం అనుకునేవారు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ తుంటి కీలుకి టెఫ్లాన్ గిన్నెలు పెట్టింది ఆ నమ్మకంతోనే. టెఫ్లాన్ కంటే నిర్లిప్తుడు ఎవరు? కానీ రెండు మూడేళ్లలో అవి అరిగి, ఆ పొడికి చుట్టూ కండ వాచి, వందల మందికి మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఆయన ఆ పొడిని తన తొడలోనే పెట్టించుకుని వాపు చూసుకున్నాడు. 1962లో ఆయన ల్యాబుకి ఒక సేల్స్‌మన్ ఇంకో ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. లాంకషైర్ మరమగ్గాల్లో పళ్లచక్రాలకి వాడే పాలిథిలీన్ అది. మగ్గం నుంచి వచ్చిన ఆ సరుకే మెరుగులు దిద్దుకుని ఈరోజుకీ మోకాళ్లలో, తుంటిలో అరుగుతోంది. మన చీరాల, పోచంపల్లి మగ్గాలు మోకాళ్లు అరగదీస్తే, ఆ మగ్గాలు మోకాళ్లనిచ్చాయి.

టైటానియం కథ వేరు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు 1952 ప్రాంతంలో కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టాలు పెట్టాడు, రక్తం ఎలా పారుతుందో చూద్దామని. ప్రయోగం అయ్యాక ఖరీదైన గొట్టాలు కదా అని పీకబోతే రాలేదు. ఎముక పట్టేసుకుంది. ఆ పట్టు లోహం లోపలిది కాదు. గాలి తగలగానే టైటానియం మీద తనంతట తాను ఏర్పడే, కొన్ని నానోమీటర్ల మందం ఆక్సైడు పొరది. వెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్లనుకుంటే, ఆ పొర ఎంతో ఊహించుకోండి. ఎముక ఆ పొరని చూసి పిల్లనిస్తోంది, వెనకున్న ఆస్తి చూసి కాదు. పీక్‌కి అలాంటి పొర పుట్టుకతో రాలేదు. ఇక్కడ చేసేదల్లా దాన్ని పెట్టడమే.

రెండో గదిలో ఇసుక దెబ్బ. నిజానికి ఇసుక కాదు, అల్యూమినా గుండ. అద్దాల పెట్టెలో రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, గాలి ఒత్తిడితో ఆ గుండని ముక్క మీద చిమ్ముతారు. నన్నూ చిమ్మనిచ్చారు. నున్నటి ముక్క పది సెకన్లలో మసకబారింది. వేలికి సన్నటి గరుకు తగిలింది, మగపిల్లాడి గడ్డం మొదటి నెలలో ఉన్నట్టు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. ఇటుక గోడ అయితే ప్లాస్టరింగు తేలిక, ఇటుకే పీల్చుకుంటుంది. కాంక్రీటు స్తంభం దగ్గరే తగాదా. ఇనుప రేకుల మీద పోసిన కాంక్రీటు అద్దంలా ఉంటుంది, మాలు జారిపోతుంది. అందుకని ముందు ఉలితో గాట్లు కొట్టించేవాడు. తర్వాత నీళ్లు కొట్టి తడిపించేవాడు. ఆపైన చీపురుకట్టతో సిమెంటు పాలు చిలకరించి, అవి ఆరకముందే మాలు కొట్టేవాడు. ఇది మేడంకి చెబితే ఆవిడ నవ్వలేదు. కాగితం తీసుకుని రాసుకున్నారు. "మా వాళ్లకి ఈ మూడూ వరసగా చెప్పడానికి నాకు ఒక గంట పడుతుంది" అన్నారు.

అయితే గాట్లతోనే సరిపోదు. గుండ రేణువులు ముక్కలో దిగబడి ఉండిపోతే అదో తలనొప్పి. అల్ట్రాసోనిక్ తొట్టెలో గంటసేపు గిలగిల్లాడిస్తారు. తొట్టె చేసే కీచు శబ్దం పళ్లు జివ్వుమనిపించింది. త్వరగా బయటపడ్డాను.

ప్లాస్మా గదిలో ఉన్న అమ్మాయిది శ్రీకాకుళం జిల్లా. పీహెచ్‌డీ నాలుగో ఏడు. నన్ను అంకుల్ అంది, నేను అభ్యంతరపెట్టలేదు. ముందు ఒక పరీక్ష చూపించింది. రూపాయి బిళ్ల కంటే చిన్న పీక్ బిళ్లని చిన్న బల్ల మీద పెట్టింది. పైన సూది. వెనక నుంచి దీపం, ఎదురుగా కెమెరా. సూది కొసన నీటిబొట్టు ఉబ్బి, వేలాడి, బిళ్ల మీదకి దిగింది. తెరమీద పెద్దదై కనబడింది. చేమాకు మీద వాన చినుకులా గుండ్రంగా, గర్వంగా కూర్చుంది. అంచు బిళ్లని తాకే చోట కోణం కొలిస్తే 80 డిగ్రీలు దాటింది.

"ఇది దీని అసలు బుద్ధి" అంది.

భర్తృహరి సుభాషితాల్లో ఒక నీటిబొట్టు ఉంది. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాక మనకి బడిలోనే పరిచయం. కాలిన ఇనుము మీద పడితే పేరు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ఆల్చిప్పలో పడితే ముత్యమే అవుతుంది. కవి చెప్పింది సహవాసం గురించి. ఈ గదిలో ఆ బొట్టునే కోణమానినితో కొలుస్తున్నారు. బొట్టు కోణానికి శాస్త్రం చెప్పింది 1805లో థామస్ యంగ్. భర్తృహరి తర్వాతే.

బిళ్లని పట్టుకారుతో తీసి పొట్టి పీపాలాంటి స్టీలు గదిలో పెట్టింది. తలుపు చుట్టూ ప్రెషర్ కుక్కర్‌కి ఉన్నట్టే రబ్బరు. పంపు దడదడలాడి గాలంతా లాగేసింది. కొంచెం ఆర్గాన్, కొంచెం ఆక్సిజన్ వదిలింది. 13.56 మెగాహెర్ట్జ్ మీట నొక్కగానే అద్దం వెనక వంగపువ్వు రంగు వెలుగు పరుచుకుంది. చప్పుడు లేదు, మంట లేదు. పండగ పందిట్లో ట్యూబులైటు వెలిగినట్టుంది. ఆ వెలుగులో ఎలక్ట్రాన్లు ఊడిన అణువులు బిళ్ల మీద వానలా కురుస్తుంటాయి. పీక్ అంటే బెంజీన్ వలయాల గొలుసు. వలయాలన్నీ చేతులు కట్టుకుని కూర్చునే పెద్దమనుషులు, ఎవరికీ చెయ్యందివ్వరు. ఈ వాన పైవరస బంధాలు తెంపి, తెగిన చోట ఆక్సిజన్ని అతికిస్తుంది. హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ గుంపులు చేతుల్లా బయటికి మొలుస్తాయి. లోపల ముక్క బలం ఇసుమంతైనా తగ్గదు. మారేది కొన్ని నానోమీటర్లే.

అయిదు నిమిషాలు. తలుపు తీసింది. నా కంటికి అదే బిళ్ల, అదే రంగు. సూది కింద పెట్టి బొట్టు వదిలింది. ఈసారి బొట్టు దిగీ దిగకముందే కూలబడింది. దోసెపిండి పెనం మీద సాగినట్టు సాగి, తెరమీద సన్నటి పొరలా మిగిలింది. కోణం 30 లోపు. నేను ఇంకోసారి అన్నాను. చేసింది. ఇంకోసారి అన్నాను. "మొదటిసారి నేనూ పన్నెండు సార్లు చూశా అంకుల్" అంది.

నూనె ప్రశ్న సంగతి ఇక్కడ తెలిసింది. ఇలా కొత్తగా చేతులు మొలిచిన పొర ఆకలితో ఉంటుంది. గాలిలో ఏ జిడ్డు తిరుగుతున్నా ముందు దాన్నే పట్టుకుంటుంది. కొబ్బరినూనె, చేతుల క్రీము, ప్లాస్టిక్ సంచి లోపలి జారుడు పూత, ఏదైనా సరే. ఒక సంక్రాంతికి ముందు ఇక్కడ ఒక పెద్ద తడవ ముక్కలకి ప్లాస్మా పెట్టి, జిప్పు సంచుల్లో వేసి, అందరూ ఊళ్లకి పోయారు. వచ్చి చూస్తే బొట్టు మళ్లీ లేచి కూర్చుంది. జిడ్డు పట్టింది కొంత. మిగతాది పీక్ తనకు తానే చేసుకున్నది. పైకి మొలిచిన చేతుల్ని గొలుసులు మెల్లగా లోపలికి ముడుచుకుంటాయి, చలికి దుప్పట్లో చేతులు పెట్టుకున్నట్టు. తడవ మొత్తం పారేశారు. దాన్ని ఎవరి ఖాతాలో రాయాలనే దాని మీద ఆఫీసులో రెండు వారాలు మాటల్లేవట. ఇప్పుడు పండగ ముందు ప్లాస్మా వెలిగించరు. ముక్కల్ని శుద్ధమైన నీటిలోనో, నైట్రోజన్ నింపిన రేకు సంచిలోనో ఉంచుతారు. ఎన్నాళ్లు నిలుస్తుందో ప్రతి తడవకీ విడిగా కొలిచి చూసుకుంటారు.

ఇంతకీ నీళ్లు పరుచుకుంటే ఎముకకేం లాభం? అడిగాను. ఆ అమ్మాయి కుర్చీ లాక్కుంది.

ముక్కని ఒంట్లో పెట్టగానే దాని దగ్గరికి ముందు వచ్చేది ఎముక కణం కాదు. మొదట నీరు. క్షణాల్లో రక్తంలోని ప్రోటీన్లు. కణాలు వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. అవి చూసేది పీక్‌ని కాదు, పీక్ మీద ఎవరు కూర్చున్నారో వాళ్లని. పండగ రోజు ఆర్టీసీ బస్టాండు ఊహించుకోమంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు పడతాయి. సన్నగా, చురుగ్గా ఉన్నవాళ్లు ముందు దూరతారు. అది ఆల్బుమిన్, రక్తపు నీటిలోని ప్రోటీన్లలో దానికున్న జనాభా ఇంకెవరికీ లేదు. తర్వాత పెద్దాళ్లొచ్చి, "లే బాబూ" అని లేపి కూర్చుంటారు. ఈ సీట్ల మార్పిడికి వ్రోమన్ ప్రభావం అని పేరు. లియో వ్రోమన్ అనే డచ్చి రక్తశాస్త్రజ్ఞుడి పేరు మీద వచ్చింది. ఆయన తన భాషలో పేరున్న కవి కూడానట. ఒక కవికి రక్తంలో తోపులాట కనబడ్డం నాకు వింతగా లేదు.

నీళ్లంటే గిట్టని పొర మీద ప్రోటీన్లు చితికి, విప్పుకుని, అడ్డదిడ్డంగా పడతాయి. నీళ్లని రానిచ్చే పొర మీద ఫైబ్రోనెక్టిన్ లాంటివి కాస్త తమ రూపంలో, సరైన వైపు తిరిగి కూర్చుంటాయి. వాటి ఒంటి మీద కణం పట్టుకునే పిడి ఒకటుంది, మూడు అమైనో ఆమ్లాల చిన్న ముక్క. 1984లో బయటపడింది. కణం ఆ పిడి అందితే కాలు మోపుతుంది, అందకపోతే జారిపోతుంది. జారిపోయిన చోట ఒళ్లు తనకి అలవాటైన పని చేస్తుంది: చుట్టూ నారలాంటి కండ అల్లి ముక్కని మూటగట్టేస్తుంది. నా సీటీలో నల్లగీత ఆ మూటే కావచ్చు.

భోజనానికి పైన మెస్సులో పప్పుచారు, బెండకాయ వేపుడు. మేడం నాతో పాటు కూర్చుని ఉత్సాహం మీద కాసిని నీళ్లు చల్లారు. "ప్లాస్మా పెట్టని పీక్‌తో బాగున్న మెడలు లక్షల్లో ఉన్నాయి. మీదొకటి. ఎముక మధ్య కిటికీలోంచి కలిస్తే చాలు, చాలామందికి. కరపత్రాల్లో రాసేంత అద్భుతం ఏమీ లేదు. కానీ ఎముక బోలు పడ్డ ముసలాళ్లు, షుగరు రోగులు, సిగరెట్టు మానని వాళ్లు ఉంటారు. వాళ్లకి ఎముక ఆలస్యంగా పెరుగుతుంది. ఆ ఆలస్యంలో ముక్క కదిలిపోకుండా పట్టు కావాలి. మా బాధంతా వాళ్లకోసం." ఈ మాట నాకు నచ్చింది. వైద్య పరికరాల వాళ్ల నోట "చాలామందికి అక్కర్లేదు" అనే మాట నేను ఎక్కువగా వినలేదు.

మధ్యాహ్నం రసాయనాల బల్ల. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పీక్‌ని కరిగించేస్తుంది. దాన్ని కరిగించగలిగిన అతి కొద్ది ద్రవాల్లో అదొకటి. కొద్ది నిమిషాలు ముంచి తీసి నీళ్లలో వేస్తే పైపొర మాత్రం స్పాంజిలా, సన్నటి గదుల వలలా గడ్డకడుతుంది. ఎముక అల్లుకోవడానికి మంచి పందిరి. 2013లో షాంఘై శాస్త్రవేత్తలు ఈ పద్ధతి మీద రాశారు. చిక్కల్లా ఆ గదుల్లో ఆమ్లం తాలూకు గంధకం దాక్కుని కణాల్ని చంపడం. అందుకే ఆసిటోన్‌లో, వేడినీళ్లలో మళ్లీ మళ్లీ కడగడం. మాగాయి ముక్కల ఉప్పు పిండినట్టు, ఎంత పిండినా ఇంకొంచెం ఉంటుంది.

దాని పక్కన గాజుసీసాల్లో నల్లటి టీ డికాషన్. దగ్గరికెళ్తే వాసన లేదు. సముద్రపు రాళ్లని అలల్లో కూడా వదలని ఆల్చిప్ప జాతి జీవి ఒకటుంది. దాని జిగురు రహస్యం పట్టుకుని 2007లో అమెరికాలో మెసర్‌స్మిత్ బృందం ఒక కిటుకు చెప్పింది. డోపమైన్‌ని కొంచెం క్షారగుణం, పీహెచ్ 8.5, ఉన్న నీళ్లలో కలిపి ఏ ముక్క ముంచినా, ఒక రోజులో దాని మీద నల్లటి సన్నపొర తనంతట తాను కడుతుంది. లోహం, గాజు, ఆఖరికి టెఫ్లాన్ కూడా తప్పించుకోలేదు. ఆ పొర మీద ఇంకేదైనా అతికించవచ్చు. మా నాన్న సిమెంటు పాలు ఇదే. తామరాకు ఓడిపోయిన చోట ఆల్చిప్ప గెలవడం భర్తృహరికి ఆశ్చర్యం కలిగించేది కాదు.

ఇక పూతలు. ఎముకలో ఖనిజం హైడ్రాక్సీఅపటైట్, కాల్షియం ఫాస్ఫేటు. (నల్గొండ నీళ్లలో ఫ్లోరైడు చేసిన పాపం ఈ ఖనిజంలో చొరబడి కూర్చోవడమే.) ఆ పొడినే, లేదా టైటానియం పొడిని, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మా మంటలోంచి పీక్ మీదకి చిమ్ముతారు. 343కే కరిగే ప్లాస్టిక్ మీద పదివేల డిగ్రీల జల్లు! రేణువులు ఎగురుతూ చల్లారి, తాకగానే గడ్డకట్టడం వల్ల సాధ్యమవుతుంది, అదీ ఆచితూచి. ఇక్కడ ఆ యంత్రం లేదు, బయట చేయించి తెస్తారు. మేడంకి పూతల మీద ఒక కంటితో అనుమానం. డాక్టరు ఈ ముక్కని పూసల మధ్య పూలల్లే పెట్టడు. సుత్తితో కొడతాడు. బల్ల మీద రెండు నురగ దిమ్మెల మధ్య ఒక పూత ముక్క పెట్టి నా చేతికి సుత్తి ఇచ్చారు. రెండు దెబ్బలకి దిగింది. బయటికి లాగి భూతద్దంలో చూపించారు. ఒక మూల పూత గీసుకుపోయి కింద టీ రంగు కనబడింది. "ఈ లేచిపోయిన గుండ ఎక్కడికి పోతుంది? లోపలే ఉంటుంది" అన్నారు. చార్న్‌లీ తొడ గుర్తొచ్చింది.

ఆఖరి గది నిశ్శబ్దంగా ఉంది. ఒక పెట్టెలో 36.5 డిగ్రీల దగ్గర డబ్బాలు వరసగా. లోపల కృత్రిమ ఒంటినీరు. క్యోటోలో కొకుబో అనే శాస్త్రవేత్త 1990 ప్రాంతంలో రూపొందించిన వంటకం ఇది: రక్తపు నీటిలో దాదాపు ఉన్నంతే సోడియం, కాల్షియం, ఫాస్ఫేటు వగైరా, పీహెచ్ 7.4. లవణాలు వేసే వరస తప్పితే విరిగిన పాలలా మబ్బు పడుతుంది, పారబోయాలి. పొర బాగుంటే కొద్ది రోజుల్లో ముక్క మీద అపటైట్ పూస్తుంది. సీసాలో పూసిందల్లా ఒంట్లో పూస్తుందా అనే వాదన శాస్త్రవేత్తల్లో ఉంది. వీళ్లు దీన్ని వడపోతగానే వాడతారు.

పక్కన సూక్ష్మదర్శిని. కణాలు సాఓస్-2 అనే రకం. 1973లో ఎముక క్యాన్సర్ వచ్చిన ఒక పదకొండేళ్ల అమ్మాయి నుంచి తీసినవి. ఆ పిల్ల కణాలు అప్పటినుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో విడిపోతూ, పెరుగుతూనే ఉన్నాయి. రంగు వేసి, వెలుగు వేసి చూపించారు. మామూలు పీక్ మీద కణాలు గుండ్రంగా, ముడుచుకుని, చలికి వణుకుతున్నట్టు అక్కడొకటి అక్కడొకటి. ప్లాస్మా పెట్టిన దాని మీద అవే కణాలు చేతులు చాచి, ఒకదాన్నొకటి అందుకుంటూ, చాప అల్లినట్టు పరుచుకున్నాయి. నేను కన్ను తీయలేదు. ఆ అమ్మాయి వెనక నుంచి, "ఇంకా కుందేళ్లున్నాయి, ఎథిక్స్ కమిటీ ఉంది, మనుషులున్నారు. చాలా దూరం అంకుల్" అంది.

బయల్దేరే ముందు ఫోనులో నా ఎక్స్‌రే చూపించాను. మూడు చుక్కలు. నా ముక్కకి ఏమైనా చేశారా అని. మేడం అద్దాలు పైకి నెట్టుకుని చూసి, "ఫొటోలో ఏం తెలుస్తుంది? పైపొర కనపడదు కదా" అన్నారు. లేత్ దగ్గర ఆపరేటర్ రెండు బిళ్లలు జేబులో వేశాడు. ఒకటి మామూలుది, ఒకటి ఆ పొద్దున వంగపువ్వు వెలుగులో ఉన్నది. "ఉంచుకోండి సార్. స్క్రాపే."

ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టి, కంటిచుక్కల సీసాతో నీళ్లు వేసి చూశాను. ఒకదాని మీద ముత్యం, ఒకదాని మీద దోసె. మా ఆవిడని పిలిచి చూపిస్తే బాగుందంది. తర్వాత నీళ్లు తుడిచి, రెండిటినీ ఉప్పుడబ్బా పక్కన పెట్టింది. రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఒక చుక్క వేసి చూడ్డం అలవాటైంది. మొదటి వారం పెద్ద తేడా లేదు. వంటింట్లో తాళింపుల గాలి, మా చేతుల జిడ్డు, వాటి సొంత బుద్ధి. ఇప్పటికి నలభై రోజులు. ఈ పొద్దున ప్లాస్మా బిళ్ల మీద వేసిన చుక్క ఎటూ పరుచుకోకుండా, సగం లేచి, ఆలోచనలో పడ్డట్టు ఆగింది.